పురుగు ఊరందరిదీ, చేను ఎవరిది వాళ్ళదీ

పత్తి గురించి మాట మొదలవగానే రెండు పార్టీలు తయారైపోతాయి. "బీటీ విత్తనమే రైతుల్ని చంపింది" అనేది ఒకటి. "బీటీ రాకపోయి ఉంటే పత్తి అనే పంటే మిగిలేది కాదు" అనేది రెండోది. ఇద్దరి దగ్గరా గ్రాఫులుంటాయి, ఇద్దరికీ గొంతు పెద్దదే. రెండు వైపుల రాతలూ నేను బోలెడు చదివాను. మా ఇంట్లో ప్రతి ఏడూ డిసెంబర్‌లో జరిగే గొడవ గురించి మాత్రం ఈ రెండు పార్టీల్లో ఎవరూ మాట్లాడగా చూళ్ళేదు. ఈ టపా ఆ గొడవ గురించి.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. ఐదెకరాల చేను, అందులో మూడు నల్లరేగడి, రెండు చెల్క. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ వానాకాలం వస్తే పత్తే. నేను బీటెక్ చేసి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పగలంతా వేరేవాళ్ళు రాసిన కోడులో బగ్గులు వెతకడం నా పని. మా బాపుదీ అదే పని, కాకపోతే ఆయన వెతికే బగ్గుకి నిజంగానే కాళ్ళుంటాయి :) వ్యవసాయ శాస్త్రం నేను చదువుకున్నది కాదు. రెండేళ్ళుగా శని, ఆదివారాలు పత్తి పురుగుల మీద వచ్చిన పరిశోధనా పత్రాలు చదవడం ఒక వ్యసనంలా పట్టుకుంది, అంతే.

అసలు విషయానికొస్తే, బీటీ రాకముందు పత్తికి పెద్ద శత్రువు శనగపచ్చ పురుగు. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినప్పుడు కొట్టిన మర్నాటికి పురుగులు రాలిపోయేవట. కొన్నేళ్ళకి ఆ మందుకి పురుగు అలవాటు పడిపోయింది. దాంతో ఇంకో మందు, ఆ తర్వాత రెండు మూడు మందులు కలిపి డ్రమ్ములో తిప్పి కొట్టడం. "ఒక్క పంటకు పదిహేను సార్లు కూడ కొట్టినం" అంటుంది అమ్మ. నీళ్ళు మోసింది తనే కాబట్టి తనకి లెక్క బాగా గుర్తు. 1997-98 సీజన్లో వానలు అడ్డం తిరిగి, లద్దె పురుగు విరుచుకుపడి, వరంగల్ జిల్లాలో వందమందికి పైగా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది తాగింది చేనుకి కొట్టాలని అప్పు మీద తెచ్చిన మందే. మా పక్క ఊళ్ళల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ళ గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతారు.

2002లో కేంద్రం మూడు బీటీ హైబ్రిడ్లకి అనుమతి ఇచ్చింది. మొదట్లో 450 గ్రాముల ప్యాకెట్ 1850 రూపాయలు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీతో పోట్లాడి దాన్ని 750కి దింపింది. అదే ఏడాది రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 కూడా వచ్చింది. ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళలో దేశంలో తొంభై శాతానికి పైగా పత్తి బీటీదే అయిపోయింది. నిజం ఒప్పుకోవాలి, శనగపచ్చ పురుగు మీద అది పనిచేసింది. డ్రమ్ములు మోసే పని తగ్గింది. అందుకే మా బాపు ముందు బీటీని తిడితే ఆయనకి కోపం వస్తుంది. "నువ్వు పుట్టిన కాలంల మేం పడ్డది నీకేమెర్క" అంటాడు. అదీ నిజమే.

ఇక గులాబీ రంగు పురుగు. కథలో అసలు విలన్ ఇది. దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1843లో, అదీ గుజరాత్ భారుచ్ పత్తిలో దొరికిన పురుగుని చూసి. అంటే మనకేం కొత్త చుట్టం కాదు. తల్లి పురుగు గూడ మీదో, లేత కాయ మీదో గుడ్డు పెడుతుంది. గుడ్డు పగిలిన పిల్ల పురుగు ఎక్కువసేపు బయట తిరగదు, కాసేపట్లోనే కాయలోకి దూరిపోతుంది. దూరిన కన్నం మూసుకుపోతుంది. ఇంక లోపల కూర్చుని గింజలు తింటుంది. బయటనుంచి చూస్తే కాయ పచ్చగా నిగనిగలాడుతుంటుంది. పగిలేటప్పుడు చూస్తే సగం విచ్చుకుని, లోపల దూది రంగు మారి, గింజ డొల్ల. మందు కొడితే ఎవరికి తగలాలి? లోపలున్నవాడికి తగలదు. బయట తిరిగే సాలీళ్ళకీ, అక్షింతల పురుగులకీ తగులుతుంది. పురుగుల్ని తినే పురుగుల్ని మనమే చంపుకుంటాం అన్నమాట.

దీని మీద బీటీ ఎందుకు ఓడిపోయింది? ఇది నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను. బీటీ మొక్కలో ఒక మట్టి బ్యాక్టీరియా తాలూకు ప్రోటీన్ తయారవుతుంది. పురుగు తింటే అది పేగు గోడకి అతుక్కుని చిల్లులు పెడుతుంది, పురుగు చస్తుంది. ఆ ప్రోటీన్ అతుక్కునే చోటు కాస్త మారిన పురుగులు ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. పురుగుకి కూడా మనలాగే ప్రతి జన్యువుకీ రెండు కాపీలు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తట్టుకునే కాపీ రెండు వైపులనుంచీ వస్తేనే అది బతుకుతుంది, ఒక్కటే ఉంటే మామూలుగా చస్తుంది. కాబట్టి ఊళ్ళో మామూలు పురుగులు దండిగా ఉంటే, బతికి బట్టకట్టిన ఆ ఒక్క పురుగుకి జోడీగా మామూలుదే దొరుకుతుంది, పిల్లలు బీటీ తిని చస్తాయి. అందుకని చేను చుట్టూ కొంత బీటీ కాని పత్తి వేసి మామూలు పురుగుల్ని కావాలనే బతకనివ్వాలి. కంపెనీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఇచ్చేది అందుకే.

ఆ పొట్లం ఏమైందో పత్తి పండించే ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. మా ఊళ్ళో సగం పొట్లాలు విప్పకుండానే గోడ మీద ఎండిపోయాయి, మిగిలినవి మొలవని చోట పోగుంటలు పెట్టడానికి పనికొచ్చాయి. దీనికి రైతుని తిట్టడం చాలా తేలిక. శాస్త్రవేత్తల సభల్లో చాలామంది ఆ పనే చేశారు. కానీ ఆలోచించండి... "నీ చేనులో ఐదో వంతు పురుగుకి రాసివ్వు, దానివల్ల పదేళ్ళ తర్వాత జిల్లాలో అందరికీ మేలు" అంటే అప్పు మీద పంట వేసిన మనిషి ఎందుకు వింటాడు? పైగా ఆ మాట కూడా అతనికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పొట్లం మీద చిన్న అక్షరాల్లో ఉంది.

2009లో గుజరాత్ అమ్రేలీ లాంటి జిల్లాల్లో మొదటి బీటీని తట్టుకున్న గులాబీ పురుగు దొరికిందని మరుసటేడు కంపెనీయే ప్రకటించింది. రెండు జన్యువులున్నదానికైనా అడ్డుంటుందేమో అనుకుంటే 2014-15కల్లా గుజరాత్‌లోనే అదీ అయిపోయింది. 2017లో మహారాష్ట్ర, తెలంగాణల్లో కాయలన్నీ డొల్లలే. ఆ ఏడాదే యవత్మాల్‌లో మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. మందులు తగ్గించడానికి వచ్చిన విత్తనం వేసిన చేలల్లో! 2021లో పురుగు పంజాబ్ భటిండా, మాన్సా దాకా వెళ్ళింది. ఎగురుకుంటూ వెళ్ళాల్సిన పని కూడా లేదు దానికి. జిన్నింగు మిల్లులకీ, నూనె మిల్లులకీ లారీల్లో పోయే గింజల్లో కూర్చుని కూడా ప్రయాణం చేస్తుంది.

అయితే ఒక్క పొట్లం వల్లే ఇదంతా జరిగిందనుకుంటే సగం కథే. మిగతా సగం మన హైబ్రిడ్లు. ప్రపంచంలో పత్తి పండించే పెద్ద దేశాలన్నీ మామూలు రకాలు వేస్తాయి, ఇంచుమించు మొత్తం పత్తి హైబ్రిడ్లే వేసేది మనమే. హైబ్రిడ్ విత్తనం ఖరీదు కాబట్టి దూరం దూరంగా పెడతాం, ఎకరానికి ఏడెనిమిది వేల మొక్కలు. బ్రెజిల్, ఆస్ట్రేలియాల్లో దానికి చాలా రెట్లు. మొక్కలు తక్కువైనప్పుడు ఒక్కో మొక్క డెబ్భై, ఎనభై కాయలు కాయాలి. అన్ని కాయలు కాయాలంటే ఆరేడు నెలలు చేను నిలబడాలి. గులాబీ పురుగు మా దిక్కు జోరందుకునేది నవంబర్ నుంచి. అంటే దానికి భోజనం వేళకి మనం విస్తరేసి కూర్చుంటున్నాం. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధనా సంస్థకి డైరెక్టర్‌గా చేసిన కేశవ్ క్రాంతి ఈ మాట ఏళ్ళ తరబడి చెప్పారు. దగ్గర దగ్గరగా, ఐదు నెలల్లో అయిపోయే రకం వేయండి, మొక్కకి పది పదిహేను కాయలు చాలు, పురుగు వచ్చేసరికి పంట ఇంట్లో ఉంటుంది అని. మన పత్తి దిగుబడి 2007-08లో హెక్టారుకి 550 కిలోల దూదిని దాటింది, ఆ తర్వాత మళ్ళీ ఆ ఎత్తుని నిలబెట్టుకోలేకపోయింది.

హైబ్రిడ్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు, అంత బాగుంది (పురుగు వైపు నుంచి చూస్తే!). హైబ్రిడ్ మొక్కకి బీటీ జన్యువు సాధారణంగా ఒక వైపు నుంచే వస్తుంది. కాబట్టి దాని కాయలో ఉండే గింజలు అన్నీ ఒకలా ఉండవు. కొన్నిట్లో రెండు విషాలు, కొన్నిట్లో ఒకటి, అక్కడక్కడా ఏదీ లేని గింజ. ఒకే కాయలో కూర్చున్న పురుగుకి ఇదొక వ్యాయామశాల. చైనాలో యాంగ్జీ నది లోయలో ఇదే సంగతి తిరగబడి పనిచేసింది. అక్కడ రెండో తరం హైబ్రిడ్ విత్తనం చవగ్గా దొరికితే రైతులు అదే వేసుకున్నారు. దాంతో చేనులో నాలుగోవంతు మొక్కలు బీటీ లేనివి మొలిచాయి. అంటే మన వాళ్ళు గోడ మీద పెట్టిన పొట్లం అక్కడ సంచిలోనే కలిసి వచ్చినట్టు. పురుగుల్లో తట్టుకునే గుణం తగ్గిపోయిందని 2017లో పరిశోధన వచ్చింది. మన దగ్గర కూడా తర్వాత పొట్లం తీసేసి, బీటీ కాని గింజలు ప్యాకెట్లోనే కలపడం మొదలుపెట్టారు. దొంగలు పడిన ఆరు నెలలకి కుక్క మొరిగినట్టు.

మరి ఈ పురుగుని ఎవరూ గెలవలేదా అంటే, గెలిచారు. 1917లో టెక్సాస్‌లో కనపడ్డ గులాబీ పురుగుని వందేళ్ళు పోరాడి, 2018 అక్టోబర్‌లో తమ పత్తి ప్రాంతాల్లో లేకుండా చేశామని అమెరికా ప్రకటించుకుంది. ఎలా అన్నది చదివితే మనకి తెలియని మందేమీ లేదు అందులో. అదే బీటీ. మగ పురుగుల్ని తికమక పెట్టే ఆడ పురుగు వాసన, దాన్ని 1970ల్లోనే కనిపెట్టారు. వీటికి తోడు ప్రయోగశాలలో పెంచి, పిల్లలు పుట్టకుండా చేసిన పురుగులు. ఒక్క అరిజోనాలోనే 2006 నుంచి 2009 మధ్య విమానాలతో రెండు వందల కోట్లకి పైగా వదిలారు. ఇవన్నీ చూడ్డానికి బాగుంటాయి గానీ, నా కళ్ళు ఆగింది వేరే చోట. అరిజోనా, కాలిఫోర్నియాల్లో పత్తి కట్టె దున్నెయ్యడానికి చట్టంలో గడువు తేదీ ఉంది. తేదీ దాటి చేను నిలబెడితే జరిమానా. ఈ కార్యక్రమానికి రైతులే తమలో తాము చందా వేసుకున్నారు. ఏడాదిలో కొన్ని నెలలు ఆ ప్రాంతమంతటా పురుగు తినడానికి పత్తి అన్నది లేకుండా చేశారు.

ఇప్పుడు మా డిసెంబర్ గొడవ.

నేను: "పీకెయ్యి బాపూ, ఇంకేముంది చేన్ల? పైన ఉన్న కాయలన్నీ పురుగువే."

బాపు: "ఇంకో ఏరుడు అయితది. రెండు క్వింటాళ్ళన్న రావా?"

"ఆ రెండు క్వింటాళ్ళ కోసం వచ్చే ఏటికి పురుగును సాదినట్టయితది."

"నేనొక్కన్ని పీకితె ఊరోళ్ళ చేన్లల్ల పురుగు సస్తదారా? పక్కోని చేను ఫిబ్రవరి దాక ఉంటది. రెక్కల పురుగుకు మన గెట్టు ఎర్కేనా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్న పరిశోధనంతా ఆయన వైపే ఉంది కూడా! ఆయన ఒక్కడు పీకితే ఆయనకి నష్టం ఖాయం, లాభం పక్కవాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. ఆ నష్టం ఎంతో లెక్కేశాను. చివరి ఏరుడులో వచ్చేది గుడ్డి పత్తి, ధర క్వింటాకి ఐదు వేలు అనుకుంటే రెండు క్వింటాళ్ళకి పదివేలు. ఏరుడు కూలి కిలోకి పదిహేను చొప్పున మూడు వేలు పోగా ఏడు వేలు. హైదరాబాదులో అది నా స్నేహితులు ఒక శనివారం సాయంత్రం ఖర్చు పెట్టే డబ్బు. మా బాపుకి యాసంగి మొత్తానికి చేతిలో ఆడే పైసలు. బోరులో నీళ్ళు అరెకరానికి కూడా సరిపోవు, చేను పీకినంత మాత్రాన రెండో పంట రాదు. చేను నిలబెట్టడం ఆయనకి మొండితనం కాదు, ఉన్నవాటిలో అదొక్కటే ఆదాయం.

అమ్మ గొడవ ఇంకోటి. కట్టె చేనులో ముక్కలు చేసి దున్నాలని నేనంటే, "మరి నీళ్ళు దేంతోని కాగవెట్టాలె?" అంది. గ్యాసు వంటకి మాత్రమే, స్నానాల పొయ్యికి పత్తి కట్టే. ఇంటి వెనక వేసిన ఆ మోపుల్లో, ఎండిన కాయల్లో పురుగు వేసవంతా నిద్రపోయి జూన్ వానకి లేస్తుంది. విస్తరణాధికారి కరపత్రంలో "కట్టె నిల్వ ఉంచరాదు" అని ఒక లైనుంటుంది. రాసినాయన ఇంట్లో గీజర్ ఉండి ఉంటుంది.

ఇక్కడే నాకు పునుకుల గుర్తొస్తుంది. పాల్వంచ దగ్గర ఊరు, అప్పట్లో ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. మందుల అప్పుల్లో మునిగిన ఊరు. మందుల షాపు వాడే అప్పిచ్చేవాడు, వాడు చెప్పిందే మందు, వాడికే పత్తి అమ్మాలి. 1999లో సెక్యూర్ అనే స్థానిక సంస్థ, సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ సాయంతో అక్కడ పురుగు మందులు లేని పద్ధతి మొదలుపెట్టింది. వేసవి దుక్కి, ఎరపంటగా ఆముదం, బంతి, పిట్టలు వాలడానికి పంగల కర్రలు, లింగాకర్షక బుట్టలు, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి రసం. మొదట కొందరే చేశారు. దిగుబడి పడిపోలేదు, మందుల ఖర్చు పోయింది. అది చూసి మిగతావాళ్ళు వచ్చారు. 2004 నాటికి ఊరు ఊరంతా మందులు కొట్టం అని తీర్మానం చేసుకుంది. దాన్ని ముందుండి నడిపింది మహిళా సంఘాలు. మందు కొట్టి వచ్చిన మొగుడి వాంతులు ఎత్తిపోసింది ఎవరో ఆలోచిస్తే అందులో ఆశ్చర్యమేం లేదు. వేపగింజలు ఏరి అమ్మడం భూమిలేని ఆడవాళ్ళకి ఒక పనయింది కూడా. ఆ తర్వాత సెర్ప్ దీన్ని సంఘాల ద్వారానే రాష్ట్రంలో మిగతా ఊళ్ళకి తీసుకెళ్ళింది. 2009 నాటికి పది లక్షల ఎకరాలు దాటింది.

పునుకుల గురించి రాసేవాళ్ళందరూ కషాయం గురించే రాస్తారు. నా అనుమానం ఏంటంటే, కషాయం ఒక్కదాన్నీ పట్టుకొచ్చి ఇవాళ మా చేనులో గులాబీ పురుగు మీద కొడితే పెద్దగా లాభం ఉండదు. కాయలో ఉన్నవాడికి కషాయమూ తగలదు కదా. అప్పటి వాళ్ళ పెద్ద పురుగులు వేరే. నాకు కావలసింది ఆ తీర్మానం. రెండు వందల మంది రైతులు విడివిడిగా షాపు దగ్గర తీసుకునే నిర్ణయాన్ని తెచ్చి ఊరి మధ్య కూర్చోబెట్టడం. గ్లెన్ స్టోన్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త మా వరంగల్ పల్లెల్లోనే ఏళ్ళ తరబడి తిరిగి, రైతులు విత్తనాలు ఎలా ఎంచుకుంటున్నారో గమనించాడు. ఒక ఊళ్ళో ఈ ఏడాది అందరూ ఒక బ్రాండ్ మీద పడతారు, రెండేళ్ళ తర్వాత దాని పేరు కూడా ఎవరూ ఎత్తరు. స్వయంగా చూసి, పోల్చి నేర్చుకునే తీరికే లేకుండా పోయింది, పక్కవాడు కొన్నాడు కాబట్టి కొనడమే మిగిలింది అంటాడు. చదువుతుంటే మా ఊరి షాపు ముందు జూన్ మొదటి వారం కళ్ళకి కట్టింది. కొనేటప్పుడు అందరం కలిసే ఉంటాం, పీకేటప్పుడు మాత్రం ఎవరి లెక్క వాళ్ళది. ఇదేం విచిత్రమో!

మా జాతివాళ్ళు, అదే సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఇందులో చేతులు పెట్టకుండా ఉంటారా? వాధ్వానీ ఏఐ వాళ్ళు కాటన్‌ఏస్ అని ఒక యాప్ చేశారు. బుట్టలో పడ్డ పురుగుల్ని ఫోటో తీస్తే లెక్కపెట్టి మందు కొట్టాలో లేదో చెప్తుంది. బుట్టకే కెమెరా పెట్టే ప్రయోగాలూ నడుస్తున్నాయి. నేను వెక్కిరించను, మంచి పనే. అనవసరంగా కొట్టే మందు ఒక్కటి తగ్గినా లాభమే. కానీ లెక్కపెట్టడం కష్టమని ఇక్కడ ఎవరూ అనలేదు. పోయినేడు మా చేనులో బుట్టలు కట్టాం. వరసగా మూడు రాత్రులు బుట్టకి ఎనిమిది చొప్పున పడితే ప్రమాదం అని సూత్రం. అమ్మ పొద్దున్నే పాలు పితికి వచ్చేటప్పుడు లెక్కపెట్టి నాకు ఫోన్‌లో చెప్పేది. "పదమూడు, పదకొండు, ఒక దాంట్ల పందొమ్మిది" అని. ఆ అంకెలు తెలిసాక చెయ్యాల్సిన పని పక్క చేనుల్లో కూడా జరగాలి, ఆ పక్క చేనులకి యాప్ లేదు.

కాబట్టి నేను యాప్ మానేసి గెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చెరువు వెనక మా చేను ఉన్న దిక్కు పదకొండు మందివి కలిపి నలభై ఎకరాల చిల్లర. ఊరంతా కాకపోయినా ఆ ముక్క ఒక్కటీ ఒకేసారి ఖాళీ అయితే ఏమవుతుందో చూద్దాం అని పండగకి ఇంటికెళ్ళినప్పుడు అందర్నీ కూర్చోబెట్టాను. నేను మాట్లాడితే "పట్నం పిలగాడు" అని నవ్వారు. బాపు లేచి, "పురుగు సంగతి పక్కకు పెట్టుండ్రి, గొర్లమందను తోలుకుందాం. మిగిలిన కాయ గొర్లు తింటయి, ఎరువు మనకు పడ్తది" అన్నాడు. నేను అరిజోనా నుంచి మొదలుపెట్టి చెప్పినదానికన్నా ఆ ఒక్క మాట ఎక్కువ పనిచేసింది. ఏడుగురు సంక్రాంతికి అటూ ఇటూగా చేను వదిలేశారు, మందలు మేసి పోయాయి. బాపు కూడా వదిలాడు, పైకి సణుగుతూనే.

నలుగురు వదల్లేదు. వాళ్ళలో ఇద్దరికి కట్టె పీకే కూలి లేదు. ఒకాయన ఎవరి మాటా వినడు, ప్రతి ఊళ్ళోనూ అలాంటాయన ఒకడు ఉంటాడు లెండి. నాలుగో అతను కౌలుదారు. అతనికి భూమి ఉగాది దాకానే, ఆ తర్వాత ఎవరు చేస్తారో తెలియదు. వచ్చే ఏడాది పురుగు తగ్గితే అతనికేం? నేను వెళ్ళి మాట్లాడితే చాలా మర్యాదగా విని, "మంచిదే అన్నా. మరి ఆ ఏరుడు పైసలు మీరు పదిమంది కలిసి ఇస్తరా?" అని అడిగాడు. ఎకతాళిగా అడగలేదు. రాష్ట్రం ఎకరానికి సీజన్‌కి ఆరు వేలు రైతు భరోసా ఇస్తుంది, అది పట్టాదారు ఖాతాలో పడుతుంది. చేను ముందు ఖాళీ చేసినవాడికి ఒక రూపాయి ఎక్కువ ఇచ్చే పద్ధతి ఎక్కడా లేదు. అతనికి నిజంగా ఇవ్వాల్సింది ఎంత అని లెక్కేస్తే పదిమందికి తలా ఏడెనిమిది వందలు పడుతోంది. ఒక్క మందు డబ్బా ఖరీదు కూడా కాదు.

ఆ లెక్క ఈ మధ్య అందరికీ చెప్పాను. ముగ్గురు సరే అన్నారు. ఇద్దరు "ఆయన భూమాసామి ఇయ్యాలె గని మనమెందుకు?" అన్నారు, అందులోనూ న్యాయం ఉంది. మిగతావాళ్ళు చూద్దాంలే అన్నారు. గొర్లమంద వాళ్ళతో బాపే ముందుగా మాట్లాడి పెట్టాడు, సంక్రాంతి వెళ్ళిన వారానికి వస్తామన్నారు. కౌలుదారు ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.